తలుపు దగ్గరున్నాయన

ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

లైటు వెలుగుతోంది. ఫ్యాను మాత్రం అలిగింది.

లోపల ఇద్దరే. ఒకరు ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ చూసుకునే ఇంజినీరు. రెండో ఆయనెవరో బొద్దుమనిషి. లిఫ్టులో సగం ఆయనే.

ఇంజినీరు గంట మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మీట అరిగింది గానీ గంట మోగలేదు.

"పైన మా ఆవిడకి ఆపరేషనండీ! కాన్పు కష్టమైంది, పరిగెత్తుకుని రమ్మని డాక్టరమ్మ ఫోను చేసింది. నేనేమో ఇక్కడ, ఊచలు లేని జైల్లో!" అన్నాడు ఇంజినీరు.

"కంగారు పడకండి. మీ ఆవిడంటే నాకు చెల్లెలి వరస. ఏమీ కాదు బావగారూ."

"వరసలు కలపడానికి ఇదా సమయం?"

"కదలడానికి ఎలాగూ వీల్లేదు, కలపడానికైనా వీలుంది కదా!"

ఇంజినీరు ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. ఫోనుని తిట్టి జేబులో పెట్టాడు.

"గంట నొక్కితే ఎవరూ పలకరేంటండీ?" అన్నాడు బొద్దుమనిషి.

ఇంజినీరు గొంతు తగ్గింది. "వరసలో ఉండి ఉంటుంది."

"గంటకి కూడా వరసా?"

"ఫోన్లకీ, కెమెరాలకీ, లిఫ్టు మీటలకీ దారి చూపించడానికి ఇదివరకు విడిగా నెట్‌వర్క్ పెట్టెలుండేవి. మొన్న నేనే పీకించేశాను. ఆసుపత్రి కంప్యూటర్లన్నిటినీ నడిపే అంత పెద్ద ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటే ఇంకో పెట్టె దేనికి? దానికి బుర్ర ఉంది. పెట్టెకేముంది?"

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని 'ఒకటి చాలు' సారు అంటారు. ఊరికే అనరు.

"మరి ఇప్పుడా బుర్ర ఏం చేస్తోందండీ?"

"ఈ వేళకి స్కానింగ్ బొమ్మలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ముందొచ్చినవి ముందు. మన గంట వాటి వెనకాల నిలబడి ఉంటుంది."

"పెట్టె ఉన్నప్పుడో?"

"అదొక మొండిఘటం. గంట అనగానే మిగతావన్నీ పక్కకి నెట్టేసి దాన్ని ముందు పంపేది. ఇంకో పని చేతకాదు దానికి."

"నెట్టేది కాబట్టే నెట్టువర్కు అన్నారేమో!"

ఇంజినీరు నవ్వలేదు. మెడ మీద చెమట కారుతోంది. గోడలు నాలుగూ మాట్లాడుకుని దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది.

"నాకు ఊపిరాడట్లేదండీ."

బొద్దుమనిషి పొట్ట లోపలికి లాక్కుని గోడకి అతుక్కున్నాడు.

"ఇదిగో, ఇంత చోటు చేశాను. నా వాటా గాలి కూడా మీరే పీల్చుకోండి. నా దగ్గర నిల్వ చాలా ఉంది."

ఇంజినీరు గట్టిగా పీల్చాడు. కాస్త తేలికపడ్డాడు.

"ఇంతకీ మీకేం పని పైన?"

"చిన్న పనేనండి. కడుపునిండా తిని రమ్మన్నారు, తిన్నాను. వెళ్ళి కాసేపు పడుకుంటే అయిపోతుంది. అయినా కాస్త తొందరగానే రమ్మని..."

"అదృష్టవంతులు! తినడం, పడుకోవడం! ఆ ఉద్యోగమేదో నాకూ చెప్పండి," అంటూ ఇంజినీరు మధ్యలోనే తుంచేసి మళ్ళీ మీట నొక్కడం మొదలుపెట్టాడు.

"ఆ మీటకి నోరు పడిపోయింది, వదిలేయండి. నాకింకా పడిపోలేదు."

బొద్దుమనిషి తలుపు సందుకి మూతి ఆనించాడు.

"ఎవరండీ బయటా!"

లిఫ్టు కదల్లేదు గానీ లోకం కదిలింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. పైన తలుపు మధ్య మనిషి దూరేంత సందు తెరుచుకుంది. అందులోంచి ఒక చెయ్యి, దాని వెనక మెకానిక్ మొహం.

"ఒక్కొక్కరే రండి. ముందు తలుపు దగ్గరున్నాయన!"

తలుపు దగ్గరున్నది బొద్దుమనిషి. చెయ్యి పైకి చాచాడు. మెకానిక్ వేళ్ళు అందాయి.

ఇంజినీరు వెనకనుంచి ఆయన చొక్కా పట్టి లాగాడు.

"నేను ముందు! చెప్పాను కదా, పైన నా భార్య ఉంది! మీరు తర్వాతెళ్ళి పడుకుంటే కొంపలేం మునిగిపోవు!"

బొద్దుమనిషి ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి దింపాడు.

"నిజమే. ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

వంగి, రెండు చేతులూ కలిపి మెట్టులా పట్టాడు.

"కాలు ఇక్కడ పెట్టండి బావగారూ. పర్లేదు, బూటుతోనే."

ఇంజినీరు ఎక్కాడు. పాకాడు. బయటపడ్డాడు.

సరిగ్గా అప్పుడే ప్రాసెసర్‌కి కాస్త తీరిక చిక్కింది. బొమ్మల వరస అయిపోయింది. తర్వాతి వంతు, ఎప్పుడో కింది అంతస్తులో ఎవరో నొక్కి వదిలేసిన మీటది.

తలుపులు ఠక్కున మూసుకున్నాయి. లిఫ్టు కిందికి జారింది. ఎక్కడో మధ్యలో మళ్ళీ ఆగింది.

"సార్! ఆయన లోపలే ఉండిపోయాడు సార్!" మెకానిక్ అరిచాడు.

"నువ్వు చూసుకో!"

ఇంజినీరు వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు. కిందనుంచి ఒక కేక వినిపించింది. ఈసారి అది బాగా దూరంగా ఉంది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది. ఆమె ఆయన వైపు చూడలేదు. ఆయన భుజం మీదుగా మెట్ల వైపు చూస్తోంది.

"మా ఆవిడకెలా ఉంది సిస్టర్?"

"మీరొక్కరే వచ్చారా సార్?" అంది నర్సు. "మేడమ్‌కి రక్తం చాలా పోయింది, ఊరంతా గాలిస్తే ఆ గ్రూపు ఒక్కాయన దగ్గరే దొరికింది, బొద్దుగా ఉంటారట, లిఫ్టెక్కుతున్నానని ఎప్పుడో ఫోను చేశారు... మీకెక్కడైనా కనిపించారా?"