వెనక బెంచీ మేడమ్

అక్సా ప్రొజెక్టర్ వైరు ప్లగ్గులో పెడుతుండగా ఒకామె వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చీర, భుజానికి హ్యాండ్‌బ్యాగు, చేతిలో లావుపాటి నోట్‌బుక్కు.

గుమ్మం దగ్గర నుంచే హెడ్మాస్టర్ రూప్‌సింగ్ అన్నాడు. “ఆమె రోజూ మీ పీరియడ్‌ల కూసుంటది. మీరేం పరేషాన్ కాకున్రి.”

వచ్చేసింది, అనుకుంది అక్సా.

బీఈడీ కాలేజీలో ముందే చెప్పి పంపారు. ప్రాక్టీసు పాఠాలు చూడటానికి తమ మనిషి ఒకరు వస్తారు, ఎప్పుడొస్తారో చెప్పరు. పోయిన విడతలో అలా వచ్చినాయన అక్సా రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం రాసి వెళ్లాడు: ‘పాఠం కంప్యూటర్ చెప్పింది, టీచర్ చెప్పలేదు.’ ఈసారి కూడా తప్పితే మరో ఏడాది పోయినట్టే. అందుకే మధిర నుంచి ఇంత దూరం వచ్చి, టేకులపల్లిలో గది కిరాయికి తీసుకుని, అడవి అంచున ఉన్న ఈ తండా బడికి రోజూ ఆటోలో వస్తోంది.

పదో తరగతికి ‘సహజ వనరులు’ పాఠం. నలభై రెండు స్లైడ్లు. భయంతో మరింత వేగంగా నొక్కేసింది. గంట కొట్టాక వెనక బెంచీ ఆమె నెమ్మదిగా టేబులు దగ్గరికి వచ్చింది.

“మేడమ్, బొమ్మలు జల్దీ జల్దీ పోతున్నయి. ఒకటి సమజయ్యే లోపల ఇంకోటి వస్తున్నది.”

“సారీ మేడమ్. రేపు తగ్గిస్తానండి.”

ఆ సాయంత్రం అక్సా ముప్ఫై స్లైడ్లు తీసిపారేసింది.

రెండో రోజు పాఠం మధ్యలో ఆమె చెయ్యెత్తింది. “భూగర్భ జలాల పునర్భరణం అన్నరు. అంటే ఏంది మేడమ్?”

అది సందేహం కాదు, పరీక్ష అని అక్సాకు తెలుసు.

“వాన నీళ్లు నేలలోకి దిగి, కింద మళ్లీ చేరడం అండి. మనం తోడేసిన నీళ్లను వాన తిరిగి నింపుతుందన్నమాట.”

ఆమె తలూపి రాసుకుంది. ముందు వరుసలో సంగీత అనే అమ్మాయి “గిట్ల చెప్తే మాకూ తెలుస్తది మేడమ్” అంది. అందరూ నవ్వారు. అక్సా కూడా.

వెళ్లేటప్పుడు వెనక బెంచీ ఆమె మరో మాట అంది. “అంతా మంచిగనే ఉన్నది. గని ఇక్కడి బోర్లు ఎందుకు ఎండుతున్నయో మాత్రం ఇందుల లేదు కదా.”

ఆ మాట అక్సాకు గుచ్చుకుంది. ప్రాజెక్టు పద్ధతి బోధన గురించి కాలేజీలో పేజీలకు పేజీలు రాసింది. ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

మూడో రోజు ప్రొజెక్టర్ పెట్టె తెరవలేదు. పిల్లల్ని ఐదు గుంపులు చేసింది. తండాలో ప్రతి బోరు దగ్గరికీ వెళ్లాలి. ఏ ఏడు వేశారు, ఎన్ని అడుగులు అని అడగాలి. ఫోన్లో ఫొటో తీసి, మ్యాపు మీద గుర్తు పెట్టాలి. సార్ల దగ్గర నాలుగు ఫోన్లు దొరికాయి. ఐదోది వెనక బెంచీ నుంచి వచ్చింది. ఫోను ఇచ్చి ఊరుకోలేదామె, ఆ గుంపుతో తనూ బయల్దేరింది.

కాలేజీ పంపిన మనిషి కుచ్చిళ్లు పైకి దోపుకుని పత్తి చేలో నడవడం అక్సా ఎక్కడా వినలేదు. హరిలాల్ అనే రైతు పిల్లల్ని తన బోరు దగ్గరికి రానివ్వకపోతే, ఆమె లంబాడీ భాషలో రెండు మాటలు చెప్పింది. అంతే, అతను మంచం వాల్చి మరీ లెక్క చెప్పాడు. భాష కూడా నేర్చుకుని వచ్చిందే అనుకుంది అక్సా.

తిరిగి వస్తుంటే ఆమె అడిగింది. “ఇది పరీక్షల వస్తదా మేడమ్?”

అక్సా దీనికి సిద్ధంగానే ఉంది. ప్రాజెక్టుకూ సిలబస్‌కూ ఉన్న సంబంధం, మూల్యాంకనం, అన్నీ బడి గేటు దాకా వివరించింది.

“అవ్, అయితే మంచిదే,” అందామె.

ఐదో రోజు గోడ మీద మ్యాపు వెలిగింది. ముప్ఫై ఒక్క చుక్కలు. పాత బోర్లు నూట ఇరవై అడుగులు. నిరుడు వేసినవి నాలుగు వందలు.

“నీళ్లు కిందికి పోతుంటే మనం ఎంబడి తవ్వుకుంట పోతున్నం,” అంది సంగీత.

“వాగు కట్ట పక్కన మాత్రం పాత బోర్లే నడుస్తున్నయి. సూడున్రి,” అని వెనక బెంచీ ఆమె లేచి వచ్చి గోడ మీద చూపించింది.

అక్కడి నుంచి క్లాసు పిల్లల చేతికి పోయింది. ఇంకుడు గుంతలు ఎక్కడ తవ్వాలో వాదులాడుకున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న రూప్‌సింగ్, “సోమవారం గ్రామసభల ఇది చూపెడదాం” అన్నాడు. తను అరగంట నుంచి నోరే తెరవలేదని అక్సాకు అప్పుడు తెలిసింది.

పిల్లలు వెళ్లిపోయాక అక్సా వెనక బెంచీ దగ్గరికి నడిచింది.

“మేడమ్, అడగకూడదేమో. రిపోర్టులో నాకెన్ని మార్కులు వేశారండి?”

ఆమె తెల్లబోయి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

“నేను మార్కులేసుడేంది మేడమ్, నా పేరు ద్వాలి, ఈ తండాదాన్నే, ఎన్నడో తొమ్మిదిల బడి ఇడిసిపెట్టిన, ఈ ఏడు ఓపెన్ స్కూల్ల పది రాస్తున్న, మార్కులు నాకే మీరెయ్యాలె.”