మూడో చుట్టు

"ఒర్నెల్లా! నీకు కొత్త పిచ్చోడు వచ్చాడు చూడు!" మంగలి నెల్లో తన కొట్టు గుమ్మంలోంచి అరిచాడు.

ఒర్నెల్లా కాఫీ కప్పులు తుడవటం ఆపి బయటికి వచ్చింది.

కూడలి మధ్య ఫౌంటెన్ దగ్గర చామనచాయ ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. చంకలో గొడుగు. గొడుగులూ గులాబీలూ అమ్ముకునే పరదేశీ అనుకుంది.

"ఇక్కడ అమ్మటానికి వీల్లేదు పెద్దాయనా!"

"అమ్మటానికి రాలేదమ్మా. పరిగెత్తటానికి వచ్చాను."

"ఎక్కణ్ణుంచి?"

"బ్రెషాలో మా అబ్బాయి దగ్గరుంటున్నాను. పుట్టింది పంజాబులో."

"అయితే సగం దూరం పరిగెత్తే ఉంటావు!" నెల్లో పగలబడి నవ్వాడు.

ఇటలీలోని ఆ మోంతెరోస్పో ఊళ్లో అలా పరిగెత్తాలనే కోరిక కొత్తదేం కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ ఫౌంటెన్ చెక్కిన శిల్పి పైవూరివాడు. పని పూర్తయ్యాక "నన్నూ మీలో కలుపుకోండి" అని అడిగితే ఊరు పొమ్మంది. అతను మతి చెడి, తను చెక్కిన రాళ్ల చుట్టూ మూడుసార్లు పరిగెత్తి, ఎటో వెళ్లిపోయాడట. మనుషులకి లాగే ఊళ్లకీ బుద్ధి ఆలస్యంగా వస్తుంది. పైవూరివాళ్లెవరైనా సరే మూడు చుట్లు పరిగెత్తి, ఈ ఊళ్లో పుట్టినవాళ్ల చేత నెత్తిన నీళ్లు చల్లించుకుంటే ఇక ఊరివాళ్లేనని తరవాత కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్లని ముద్దుగా పిచ్చోళ్లంటారు. నీళ్లు చల్లేది చాలా కాలంగా ఒర్నెల్లాయే.

"ఈ వయసులో నీకెందుకొచ్చిన పరుగు తాతా?"

"ఈ ఊరివాణ్ణి అనిపించుకుని పోదామని. ఆ ఒక్క కోరికా మిగిలిపోయింది."

గొడుగు పక్కన పెట్టి ముసలాయన బయల్దేరాడు. పరుగంటే పరుగు కాదు, కుడికాలు ఈడుస్తూ గెంతటం. ఒక చుట్టు అయింది. రెండోది ముగిసేసరికి రొప్పుతూ ఫౌంటెన్ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

"మూడోది నడవనా అమ్మా?"

"నడిచేవాళ్లని మేం తెలివైనవాళ్లంటాం!"

నెల్లో గొంతు తగ్గించాడు. "చల్లావంటే రేపు వీళ్ల చుట్టాలంతా దిగుతారు. తరవాత నీ ఇష్టం."

పోయిన వారమే మిలాన్ నుంచి వచ్చిన హోటలు యజమాని ఒక్క చుట్టుకే చేతులెత్తేస్తే, నవ్వుతూ దోసెడు నీళ్లు పోసింది ఒర్నెల్లా. ఆ సంగతి గుర్తుకొచ్చింది కూడా. కానీ నలుగురూ చూస్తున్నారు. తొట్టిలో ముంచిన చేతిని ఏప్రన్‌కి తుడుచుకుంది.

"కట్టుబాటు కట్టుబాటే తాతా. కాలు బాగయ్యాక రా."

ముసలాయన తలూపాడు. ఆ మొహం చూసి ఆమెకే ఎలాగో అనిపించింది.

"బాధపడకు. ఈ ఊరిని కాపాడినవాడికే నీళ్లు దక్కలేదు."

"ఎవరమ్మా?"

"యుద్ధంలో ఈ తొట్టిలో బాంబు పడింది. పేలలేదు. నడవలేనివాళ్లు తప్ప ఊరంతా కొండెక్కింది. ఎవరో ఇంగ్లీషు కుర్రాడు నీళ్లలో దిగి దాని మందు తీసేశాడట. తెల్లారేసరికి దండుతో వెళ్లిపోయాడు. చర్చిలో ఆయన బొమ్మ వేయించాం, బంగారంలాంటి జుట్టు! ఆయనే గనక వస్తే పరుగూ వద్దు, ఏమీ వద్దు, భుజాల మీద మోసుకు తిరుగుతాం."

"బంగారం రంగు జుట్టా?" ముసలాయన నవ్వాడు. "బాగుందమ్మా. అప్పటికి నువ్వు పుట్టావా?"

"ఆ మూడోనాడే పుట్టాను. అదిగో, ఆ ఎదురింట్లోనే."

ముసలాయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"చల్లగా ఉండు తల్లీ," అని గొడుగు తీసుకుని బస్సు వైపు నడిచాడు.

చలి మొదలయ్యాక ఒక అమ్మాయి ఖాళీ సీసాతో వచ్చింది.

"ఒర్నెల్లా గారు మీరేనాండీ? నా పేరు సఫియా. బ్రెషా నుంచి వచ్చాను. ఎండాకాలంలో మా తాతయ్య వచ్చాడు, గొడుగుతో."

"రెండు చుట్లాయన! ఎలా ఉన్నాడు?"

"పోయిన నెల పోయాడండీ. మాలో సమాధి మీద నీళ్లు చల్లుతాం. ఈ నీళ్లయితే బాగుంటుందనిపించింది. మీ చేత్తో పట్టి ఇస్తారా?"

ఆ రోజు ఒక్క దోసెడు చల్లితే నా సొమ్మేం పోయేది అనుకుంది ఒర్నెల్లా. గట్టు మీద వంగి సీసా నింపింది.

"నా మీద కోపంతోనే పోయాడా?"

"అయ్యో, లేదండీ! ఎంత సంబరంగా ఇంటికొచ్చాడో! నేనే, చెప్పి అడగొచ్చు కదా అని దెబ్బలాడాను. 'ఊరికే ఇస్తే తీసుకోవాలి గానీ, చేసింది చెప్పుకుని అడగకూడదు. ఆ పిల్లని కళ్లారా చూశాను, అది చాలు' అన్నాడు."

"ఏ పిల్ల? ఏం చేశాడు?"

"తాతయ్య అప్పుడు ఇంగ్లీషువాళ్ల దండులో సిపాయండీ. యుద్ధంలో ఈ తొట్టిలో పడ్డ బాంబుని ఉన్నచోటే పేల్చెయ్యమని పై అధికారులు చెప్పారట, కానీ ఎదురింటి కిటికీలో కదల్లేని నిండు చూలాలు ఒకావిడ కనిపిస్తే, మనసొప్పక తాతయ్య ఒక్కడే నీళ్లలోకి దిగాడటండీ."