నానేసిన రెండు బస్తాలు

తొట్టిలో రెండు బస్తాలు నానుతున్నాయి. ఒకదానిలో మెరక ఊళ్ల వాళ్లు కూలి ఇచ్చి ఉడికించమన్న వడ్లు, ఉప్పుడు బియ్యం చెయ్యడానికి. రెండోదానిలో విత్తనం. గుర్తుకోసం విత్తనం బస్తాకి నూకరత్నం ఎర్రగుడ్డ కట్టింది. నీళ్లలో ఆ గుడ్డ ఊడిపోయింది. ఆమె మొగుడు సూరన్న చేతికందిన బస్తా ఎత్తి ఆవిరిపెట్టెలో పోసేశాడు.

సముద్రం పొలాల్లోకి వచ్చాక ఆ ఉప్పునేలలో బతికే వరి ఆ విత్తనమొక్కటే. ఇంటింటికీ ఆవిరిపెట్టె వచ్చాక ఊరంతా పండినదాన్ని పండినట్టే ఉడికించుకుంది. విత్తనం దాచింది నూకరత్నం ఒక్కతే. ఆవిరి తగిలిన గింజ మొలకెత్తదు.

తొట్టిలో మిగిలింది కూలి వడ్లని చూసి నూకరత్నం పెట్టె దగ్గరికి పరుగెత్తింది. "మూత తియ్యవే తల్లీ! అది ఇత్తనం!"

"లోపల ఆవిరి ఉందండీ. ఇంకా ఎనిమిది నిమిషాలండీ," అంది పెట్టె, ఎప్పటిలాగే మర్యాదగా.

ఆమె రోకలి తెచ్చి బాదింది. సూరన్న తీగలు పీకేశాడు. పొద్దుటినుంచీ ఎండ తాగి కరెంటు దాచుకున్న పెట్టె ఆగలేదు.

ఎనిమిది నిమిషాలకి మూత దానంతటదే తెరుచుకుంది. ముప్పై ఏళ్లుగా చేస్తున్నట్టే నూకరత్నం ఒక గింజ ఒలిచి పంటికింద పెట్టింది. పచ్చి తగిలితే చిరాకుపడే మనిషి, ఇవాళ పచ్చి తగలాలని దేవుళ్లందరికీ మొక్కుకుంది. గింజ మెత్తగా నలిగింది. అడుగునుంచి ఇంకొకటి తీసింది. మూలనుంచి మరొకటి.

"ఎలా ఉందే?" భయంభయంగా అడిగాడు సూరన్న.

"ఎక్కడా పచ్చి లేదయ్యా," అంది నూకరత్నం కూలబడుతూ. "ఇంత బాగా ఎప్పుడూ ఉడకలేదు."