అటకమీద హద్దుకర్ర

కొల్లేరు అభయారణ్యం హద్దు ఇప్పుడు వరదతోపాటే జరుగుతుంది. నీటిమీద తేలొచ్చే హద్దుకర్ర ఎక్కడ ఆగితే అక్కడిదాకా పక్షులదే. ఆ మేరలో పొయ్యి వెలగకూడదు, చేపల చెరువుకు గట్టు ఉండకూడదు.

కర్ర తన చెరువు దగ్గర ఆగేసరికి నాంచారయ్య బాబాయి దాన్ని పట్టుకొచ్చి మా అటకమీద దాచాడు. కర్ర ఎక్కడుందో చెబుతూ వెంటనే అందరి ఫోన్లూ మోగాయి. మా వంటిల్లు అభయారణ్యమైపోయింది.

"కర్రని దాస్తే హద్దు కూడా దాక్కుంటుందనుకున్నావా బాబాయ్?" అన్నాను.

"నీ చదువు తర్వాత, ముందు కాఫీ పెట్టవే."

"పొయ్యి వెలిగిస్తే కేసు."

రెండు గంటలు ఓర్చుకున్నాడు. తర్వాత కర్రను మళ్లీ చెరువు దగ్గర వదిలి, గట్టుకు తనే గండి కొట్టాడు. గండిలోంచి బయటపడ్డ చేపల వెనకే సంచిముక్కు గూడబాతులు దిగాయి.

వేడి కాఫీ ఊదుకుంటూ, "చేపలకి మేత బాగా పెట్టానే," అన్నాడు గర్వంగా. "చూడు, తిన్నాక ఒక్కటీ ఎగరలేకపోతోంది!"