కుడి పక్క నల్లగీత

మెట్ల మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, అడక్కుండానే లత చేతిలోంచి కాగితం తీసుకున్నాడు.

మహబూబాబాద్ బజారులో, కొండల్ ప్రింటర్ల దుకాణంలో జరిగిందది.

లతది గూడూరు దగ్గరి తండా. ఇంటి ముందు రేకుల కింద పదహారు మంది పదో తరగతి పిల్లలకు చదువు చెబుతుంది. నిరుడు నలుగురు లెక్కల్లో తప్పారు. వాళ్లలో ఇద్దరు మిరప తోటల్లో కూలికి పోయి, మళ్లీ పుస్తకం పట్టలేదు.

ఈసారి ఒక్కరు కూడా తప్పకూడదని ఆమె పంతం. పరీక్షల ముందు నెల రోజులు, రోజుకో ప్రశ్నపత్రం రాయించాలి. జిరాక్సు కోసం గూడూరు పోయి వస్తే పూట గడిచిపోతోంది. అందుకే ఇంట్లోకే ప్రింటరు కొందామని వచ్చింది.

ఎలాంటివి తీయాలో చూపించడానికి, పదేళ్ల కిందట పదో తరగతిలో తాను జవాబులు రాసిన ప్రశ్నపత్రాలను వెంట తెచ్చింది.

కొండల్ అప్పుడే వాటిని వెలుతురుకు పట్టి చూసి ఇచ్చాడు.

"కుడి పక్కకు గీ నల్లగీత చూసినవా అక్కా? మెషిన్ లోపట డ్రమ్ము గీరుకపోతే ప్రతి కాయితం మీద గిట్లనే పడ్తది. మా కొత్త ప్రింటర్లల్ల గిది ఉండదు."

ఆ మాట విన్నాకే ముసలాయన లేచి వచ్చాడు. మాసిన తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, గోళ్ల అంచుల్లో వదలని నలుపు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గివి ఇంకా ఉన్నయా బిడ్డా?"

"సర్కారోళ్లు పంపినయి. దాసుకున్న. ఇటియ్యి బాపు."

ఆ ఏడాది ప్రతి సోమవారం బస్సు డ్రైవరు తండా స్టేజీ దగ్గర ప్రశ్నపత్రాల కట్ట ఇచ్చిపోయేవాడు. ఎవరు పంపారని ఎవరూ అడగలేదు. ఊరికే వచ్చేదేదైనా సర్కారు నుంచే వస్తుందని తండాలో అందరి నమ్మకం.

ముసలాయన కాగితం తిరిగిచ్చాడు. నెలకు ఎన్ని తీస్తావని అడిగాడు. ఐదు వందల దాకా అంది లత.

కొండల్ అప్పటికే నాలుగు వేల రూపాయల చిన్న ప్రింటరును బల్ల మీద పెట్టాడు. ఆమె చేతిలో ఉన్న డబ్బుకు అదే వస్తుంది.

"బర్రె ధర కాదు బిడ్డా, దాని మేత ధర అడుగు," అన్నాడు ముసలాయన.

ఆ చిన్నదాని సిరా డబ్బా వంద కాగితాలకే అయిపోతుందని చెప్పాడు. పెట్టెతో వచ్చే మొదటి డబ్బా సగమే నిండి ఉంటుందట. సీసాతో సిరా పోసుకునే రకానికి ముందు మూడింతలు పెట్టినా, ఆ తర్వాత కాగితానికి పడేది పైసల్లోనేనట. అంత పెట్టలేకపోతే ఇప్పుడు కొననే వద్దు, రెండు రోజులు ఆగు అన్నాడు.

ఆ చివరి మాట లతకు గుచ్చుకుంది. గిరాకీని ఇంకో దుకాణానికి మళ్లించి కమీషన్ తినేవాళ్లు ఆమెకు కొత్త కాదు. అలాంటి ఒకడి మాట విని ఆమె నాయిన నకిలీ మిర్చి విత్తనాలు కొన్నాడు. ఆ ఏడాది పంటే లేదు.

"ఏ దుకాణపోడు ఎంతిస్తడు బాపు నీకు?"

లోపలున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ముసలాయన సంచిలోంచి ఒక పాత కాగితం తీసి, గోడకు ఆనించి, వెనకవైపు ఏదో రాసి, మడిచి ఆమె చేతిలో పెట్టాడు. వేరే దుకాణం చిరునామా అయి ఉంటుందనుకుంది. చదవకుండానే బిల్లు కవరులో కుక్కి, ప్రింటరు ఎత్తుకుని బస్సెక్కింది.

మొదటి డబ్బా మూడో రోజుకే అయిపోయింది.

రెండోది ఐదు రోజులు వచ్చింది. మూడోదీ అంతే. నాలుగోదానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. లెక్కల పత్రాలు సగం కూడా కాలేదు. పిల్లలు బోర్డు చూసి ప్రశ్నలు రాసుకునేసరికే పొద్దు వాలుతోంది.

లత ప్రింటరును మళ్లీ పెట్టెలో సర్ది, కొండల్ దగ్గరికి తెచ్చింది. వాడింది వాపసు తీసుకోనన్నాడు అతను. ఆమె మెట్ల వైపు చూసింది. ఖాళీగా ఉన్నాయి.

"ఈడ కూసునే బాపు ఏడి అన్నా?"

కొండల్ చేతిలో పని ఆపాడు.

"గణపతి బాపా? పోయిన శుక్రవారం పాణం పోయిందక్కా. గుండె ఆగింది."

బస్టాండు దగ్గర ఇరవై ఐదేళ్లు జిరాక్సు దుకాణం నడిపాడట. చూపు మందగించి మూసేశాడట.

"నువ్వు పోయినంక నాలుగు దినాలు గీ మెట్ల మీదనే చూసిండు. తండా పిల్ల మళ్ల వస్తదన్నడు. నేనే నవ్విన."

"నాకోసం ఎందుకు?"

"ఆయన మెషిన్ ఇంట్ల ఊకెనే ఉండె. పనికొచ్చేటోళ్లకు ఇయ్యాలె అనేటోడు." కొండల్ తల దించుకున్నాడు. "నిన్ననే పాత సామాన్లోడు బండిల ఏసుకపోయిండు."

లత బిల్లు కవరు విప్పింది. మడత కాగితం అలాగే ఉంది. వంకర అక్షరాలు.

'నా మెషిన్ తీస్కపో బిడ్డా. పిల్లలకైతే పైసలొద్దు. టోనర్ డబ్బాలు రెండున్నయి. పరీక్షల దాక వస్తయి.'

కింద ఇంటి గుర్తు రాసి ఉంది. ఇక్కడికి నాలుగు అడుగుల దూరం.

ఆమె కాగితం తిప్పింది. ఎవరిదో రేషన్ కార్డు నకలు, సరిగా రాక పక్కన పడేసింది.

దాని కుడి పక్కన, పైనుంచి కింది దాకా, పదో తరగతి చదివిన ఏడాదంతా మార్జిన్ అనుకుని తాను దాటకుండా రాసిన అదే సన్నటి నల్లగీత.