రోకలిబండ కాళ్లు, చీమ కేకలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా ఊడిన పళ్లన్నీ మళ్లీ మొలుచుగాక!

ఆకాశం నిండా మబ్బు కమ్ముకొచ్చింది. గండుచీమకు కాలు నిలవడం లేదు. వాన పుట్టలోకి దిగేలోపు గుడ్లన్నీ గట్టు మీదికి చేరాలి. మోసేది రోకలిబండ పురుగు. దానికప్పట్లో రెండే కాళ్లు.

"ఇంకాసిన్ని కాళ్లు పెంచరాదూ వదినా!" అని దాని వీపెక్కి పోరింది చీమ.

పోరు పడలేక రోకలిబండ అక్కడికక్కడే లక్ష కాళ్లు మొలిపించుకుంది. అయినా నడక సాగలేదు. చీమకు ఒక్కో కాలినీ పిలిచి లేపడమే అలవాటు మరి. ఒకటి నడుస్తుంటే మిగతావి నిలబడి ఆవులిస్తున్నాయి.

"నేను కాళ్లు మార్చాను, నువ్వు కేక మార్చవేం?" అంది రోకలిబండ.

చీమ తత్తరపడి, "అన్నీ లెండర్రా!" అని అరిచింది. అన్నీ ఒకేసారి లేచాయి. రోకలిబండ బొక్కబోర్లా పడింది, గుడ్లు దొర్లాయి. గుమ్మడికాయంత తొలి చినుకు పడింది.

"ముందు కాలు లేస్తే వెనకది లేవాలి!" అంది చీమ, ఏడుస్తూ గుడ్లు ఏరుకుంటూ.

"కాలికి కళ్లున్నాయా చూడ్డానికి?" అంటూనే రోకలిబండ కాళ్లన్నీ కురచ చేసి, ఒకదానికొకటి తగిలేలా జరుపుకుంది. ఈసారి ఒక్క కేకకే కాళ్లు అలలా కదిలాయి. గుడ్లు గట్టు చేరాయి.

చీమ కుదుటపడిందా? "ఇంత నడకుంటే ధాన్యం కొట్టు కూడా ఎక్కించొచ్చు!" అంది. రోకలిబండ అప్పుడే కొత్త కాళ్లు మొలిపిస్తోంది.

కంప్యూటర్‌లో యంత్రమూ, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమూ వీళ్ల మునిమనవలే. ఒకళ్లు మారితే రెండోవాళ్లూ మారాల్సిందే, ఒకళ్లనొకళ్లు కూర్చోనివ్వరు.

నువ్వు లేచి గుమ్మంలో చెప్పులు పక్కకు తియ్యి. చీమా రోకలిబండా కొట్టుతో సహా ఇటే వస్తున్నారు, మలుపు తిరిగే కేక ఇంకా కనిపెట్టలేదు.