మీట నొక్కితే హ్యాంగ్

వేడి జిలేబీ సగం నోట్లో, సగం చేతిలో ఉండగా హరికిషన్ జేబులో ఫోను మోగింది.

“ఎత్తకు అన్నా,” అన్నాడు పక్క షాపు లక్ష్మణ్. “నోట్లె జిలేబీ ఉంది. వదిన పసిగడ్తది.”

“నువ్వు జెర తమాషా చూడు.” హరికిషన్ ఫోను చెవిన పెట్టుకున్నాడు. “ఆఁ, కల్పా… షాపులనే ఉన్న… ఏందీ? హలో? వినొస్త లేదు…” అంటూనే ఫోను పక్కనున్న చిన్న మీట నొక్కాడు. తెర ఉన్నదున్నట్టు బిగుసుకుపోయింది. “హ్యాంగైంది!” అని నవ్వి ఫోను జేబులో వేసుకున్నాడు. “భాయ్, ఇంకో ప్లేటియ్యి. జెర ఎర్రగ కాలినయి చూసి ఎయ్యి.”

“పాపం వదిన.”

“పాపమేంది? ఫోను ఎత్తుడు, పెట్టుడు తప్ప ఆమెకేం తెల్వదు.”

ఆండ్రాయిడ్ ఫోన్లు లోకానికి కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్నది అది. ఇటుకంత మందం. తెరను పక్కకు జరిపితే కింద నుంచి అక్షరాల మీటలు బయటికొస్తాయి. రాంగోపాల్‌పేట్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే హరికిషన్‌కు అదంటే ప్రాణం. “దీని సాఫ్ట్‌వేర్‌కు తాళం లేదు. ఎవ్వరైనా విప్పి చూడొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు” అని కనబడ్డవాళ్లందరికీ చెప్తాడు. పద్మారావు నగర్‌లోని ఇంటికి చేరాక భార్య కల్పలతను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ లైను ఏం చేస్తుందో విడమరిచి చూపిస్తాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ “ఊఁ” కొడుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని అతనికి తెలుసు. అయినా ఊదకుండా ఉండలేడు.

చూపించనిది ఆ చిన్న మీట సంగతి ఒక్కటే. అది నొక్కితే తెర బిగుసుకోవాలి, కాల్ తెగిపోవాలి. షుగరొచ్చింది, తీపి మానమని డాక్టరు చెప్పిన వారమే కూర్చుని రాసుకున్న విద్య అది. పాత ఫోను కదా, హ్యాంగ్ కాక ఏం చేస్తుందని ఇంట్లో అందరూ నమ్మారు.

ఈ మధ్య మాత్రం రెండు చిక్కులొచ్చాయి. దసరా వెళ్లినప్పటి నుంచి బ్యాటరీ సాయంత్రానికే చచ్చిపోతోంది. దానికి తోడు, జిలేబీ తిన్న రోజే ఇంట్లో కాకరకాయ కూర ఎదురవుతోంది. బ్యాటరీకి వయసైపోయిందనీ, కాకరకాయ తన ఖర్మ అనీ సరిపెట్టుకున్నాడు.

ఆ పూట కూడా కాకరకాయే. హరికిషన్ కంచం ముందు కూర్చున్నాడో లేదో, బేగంపేటలో ఉద్యోగం చేసే కూతురు హిమజ ఒక పెట్టె తెచ్చి ముందు పెట్టింది.

“హ్యాపీ బర్త్‌డే, డాడీ! కొత్త ఫోను. ఆ డబ్బా ఇంక బంద్. ఇందుల లైవ్ లొకేషన్ పెడ్త. నువ్వు ఏడున్నా అమ్మకు మ్యాపుల కనబడ్తవ్.”

మ్యాపులో మిఠాయి దుకాణం ముందు నీలిచుక్కలా నిలబడ్డ తను హరికిషన్ కళ్లముందు మెదిలాడు. జిలేబీ లేని బతుకు తలుచుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

“వద్దు బిడ్డా. దాన్ని ఇడిచి ఉండలేను.”

“మాట మధ్యల హ్యాంగయ్యేదాన్నా? అమ్మా, నువ్వన్న చెప్పు. రోజూ పరేషాన్ అయ్యేది నువ్వే కదా.”

కల్పలత కూర గరిటె గిన్నెలో ఉంచి కూతురి వైపు చూసింది.

“నాకేం పరేషాన్ లేదు. మీ డాడీకి ఆ ఫోనే మంచిగుంది. కొత్తది నువ్వే వాడుకో.”

“ఇద్దరికిద్దరు సరిపోయిన్రు!” హిమజ పెట్టె తీసుకుని గదిలోకి విసవిసా వెళ్లిపోయింది.

హరికిషన్‌కు భార్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇంత మంచి మనిషినా తను మోసం చేస్తున్నది అని కాసేపు బాధపడ్డాడు. రేపు జిలేబీకి ఎన్నింటికి వెళ్లాలో కూడా అప్పుడే ఆలోచించుకున్నాడు.

“దాని విలువ నీ ఒక్కదానికే తెల్సు, కల్పా.”

“ఎత్తుడు, పెట్టుడు కాకుండ జెరంత తెల్సు.” కల్పలత అతని కంచంలో ఇంకో గరిటెడు కాకరకాయ వేసింది. “ఇన్నేండ్ల సంది పాఠం చెప్తనే ఉన్నరు గద. ఎవ్వరైనా మార్చుకోవచ్చని మీరే అంటిరి. దసరా నాడు మీరు స్నానానికి పోయినప్పుడు నేను సుత ఒక్క లైను మార్చిన.”

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. “ఏం లైను?”

“ఇప్పుడది హ్యాంగైనా కాల్ కట్ గాదు.”